బెర్నార్డ్ సున్నా

మా బావ సీబ్రెన్‌కి చాదస్తం ఎక్కువ. బోల్స్‌వార్డ్‌లో ఒక పాలఫ్యాక్టరీలో ముప్ఫై తొమ్మిదేళ్లు కరెంటు పని చేసి రిటైరయ్యాడు. ఇన్నేళ్లలో ఒక్క తీగ తప్పు కలపలేదని ఇప్పటికీ చెబుతుంటాడు, ఎవరూ అడక్కపోయినా. నేను ఆయన భార్య హిస్కెకి చెల్లెల్ని, పేరు రెన్స్కె. రెండిళ్ల అవతల ఉంటాను కాబట్టి ఈ గొప్పలన్నీ వినక తప్పలేదు.

రిటైరైన మూడో నెలలో ఆయనకి పాత పిచ్చి తిరగబెట్టింది. 1981లో, మా అక్కని చేసుకున్న కొత్తలో, ఒక పత్రికలో వచ్చిన పటం చూసి ఒకే సర్క్యూటు పలక మీద కంప్యూటరు కట్టుకున్నాడు. దానికి తెర లేదు, పెట్టె లేదు. ఆరు ఎర్ర అంకెలు, రెండు డజన్ల మీటలు, అంతే సంగతులు. అది ఎప్పుడో కాలిపోయింది. ఇప్పుడెవరో పుణ్యాత్ములు ఆ పలకనే మళ్లీ గీసి, విడిభాగాలు పొట్లం కట్టి అమ్ముతున్నారు. బావ ఒకటి తెప్పించాడు. దానికి తోడు కావాలని రెండోది తెప్పించాడు. మా చుట్టుపక్కల ఇలాంటివాళ్లు పదకొండు మంది తేలారు. నెలకో శనివారం పేట హాల్లో క్లబ్బుగా చేరి, టంకం పొగ పీలుస్తూ, చిన్నపిల్లల్లా ఒకరి పలక ఒకరికి చూపించుకుంటారు. పిచ్చి ముదిరితే రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికెవడో. వాళ్లకి కాఫీ పెట్టేది నేనే కనక ఆ మాట అనే హక్కు నాకుంది.

ఆ యంత్రానికి ఏదైనా నేర్పాలంటే రెండేసి గుర్తుల జంటలు నొక్కుతూ పోవాలి. గుర్తంటే అంకె కావచ్చు, ఏ నుంచి ఎఫ్ దాకా ఒక అక్షరం కావచ్చు. ఒక్కటి తప్పినా మొత్తం చెడుతుంది. స్విచ్చి ఆపితే నేర్చిందంతా మర్చిపోతుంది. టేపులో దాచుకునే వీలుందట, కానీ వీళ్లకి అందులో మజా లేదు. ఒకరు చదవాలి, ఒకరు నొక్కాలి. 1981 నుంచీ బావకి చదివి పెట్టింది మా అక్క. చంద్రుడి మీద నౌకని దించే ఆట ఒకటి, రెండు వందల ముప్ఫై జంటలు, ఆమె చేతిరాతతోనే ఒక నోట్‌బుక్కులో ఉంది. జంటల్ని తప్పు లేకుండా ఎవరు ముందు నొక్కుతారో తేల్చడానికి క్లబ్బులో ఏటా జూన్‌లో పెట్టే పోటీలో ఈ మొగుడూపెళ్లాలే నాలుగుసార్లు వరసగా గెలిచారు. బావ చేతిలో ఒక్క తప్పు పడలేదు. రెండో స్థానం ఎప్పుడూ ఊనెది, ఆ క్లబ్బు నడిపే పొడుగాయనది.

పోయిన అక్టోబరులో అక్కకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి కొంత కోలుకుంది గానీ మాట పోయింది. మిగిలిందల్లా ఒక్కటే: "అవునవును." కాఫీ కావాలా అంటే అవునవును. వద్దా అన్నా అవునవునే. స్కూలు ఆఫీసులో ముప్ఫయ్యేళ్లు పిల్లల్నీ, పంతుళ్లనీ, హెడ్మాస్టరునీ కూడా తన నోటితో అదుపులో పెట్టిన మనిషి. తిట్టాలని నోరు తెరిస్తే అవునవును అని వచ్చేది, అది విని తనే సిగ్గుపడి గోడవైపు తిరిగేది. ఆ సిగ్గు చూసి నేను మా ఇంటికొచ్చి ఏడ్చేదాన్ని.

మాటలు నేర్పడానికి ఒకమ్మాయి బొమ్మల కార్డులు పట్టుకుని వారానికి రెండుసార్లు వచ్చేది. దువ్వెన, కప్పు, గుర్రం. మా అక్క గుర్రాన్ని తీసి నేలకేసి కొట్టింది. మొదటి ఏడాదిలో రాని మాట తర్వాత రావడం కష్టమని ఆ అమ్మాయి బావకి మెల్లగా చెప్పింది. బావ తలూపాడు. ఆ వారమంతా ఆయన సరిగ్గా తిండి తినలేదు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం నేను బఠానీ సూపు తీసుకెళ్లేసరికి బావ వంటింటి బల్ల మీద పలక పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన అక్క. చదివిపెట్టే దిక్కు లేక నోట్‌బుక్కు చూస్తూ తనే పైకి చదువుకుంటూ తనే నొక్కుతున్నాడు. అక్క వేలు కూడా ఆ వరసల వెంటే వెళ్తోంది. "ఆరు సున్నా," అన్నాడు బావ. అక్క ఎడంచేత్తో బల్ల మీద కొట్టింది. అవునవును, అంది. మళ్లీ కొట్టింది. ఆమె మొహం ఎర్రబడింది, మెడ నరాలు ఉబ్బాయి. నాకు భయమేసి సూపు గిన్నె కింద పెట్టేశాను.

"బెర్... బెర్నార్డ్," అంది అక్క. "బెర్నార్డ్ సున్నా."

బీ, డీ, ఈ అంటే చెవికి ఒకేలా వినిపిస్తాయని మావాళ్లు ఫోనులో అక్షరాలని మనుషుల పేర్లతో చెబుతారు. ఆంటన్, బెర్నార్డ్, కొర్నేలిస్, డిర్క్, అలా. పలకల దగ్గరా అదే పద్ధతి. అక్క రాసిన చిన్న బీ అచ్చం ఆరులా ఉంటుంది. తన రాత తనకి తప్ప ఎవరికి తెలుస్తుంది? బావ నోట్‌బుక్కు మీద తల పెట్టి ఏడ్చాడు. గ్రోనింగెన్‌లో ఉన్న వాళ్లమ్మాయి నింకెకి నేనే ఫోను చేసి, మీ అమ్మకి మాటొచ్చిందే, బెర్నార్డ్ అని పిలిచింది అన్నాను.

"పిన్నీ," అంది, "బెర్నార్డ్ ఎవరు?"

"కంగారుపడకు. మీ నాన్నకి నలభై మూడేళ్ల నుంచీ తెలుసులే."

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం ఇద్దరూ బల్ల దగ్గర కూర్చునేవాళ్లు. బావ చదవడం, నొక్కడం, ఎక్కడో ఒకచోట తప్పడం, అక్క బల్ల గుద్ది దిద్దడం. బెర్నార్డ్ తర్వాత డిర్క్ వచ్చాడు, ఎడ్వార్డ్ వచ్చాడు, అంకెలు వచ్చాయి. ఏప్రిల్‌లో "కాదు" అనే మాట వచ్చింది. అది వచ్చిన రోజు మా అక్క పాతికసార్లయినా కాదు అనేసి ఉంటుంది, అడిగినా అడక్కపోయినా. కార్డుల అమ్మాయి తన కార్డులు సంచీలో పెట్టేసి ఈ తతంగమే చూస్తూ కూర్చునేది.

నాకు మాత్రం లోపల ఇంకో గుబులు మొదలైంది. బావ తప్పులు పెరుగుతున్నాయి. మొదట రోజుకొకటి, తర్వాత మూడు, మే నెలకి ఆరేడు. ఎనిమిదికీ మూడుకీ తేడా పోల్చుకోలేకపోతున్నాడు. జన్మలో తప్పు చెయ్యని మనిషి. ఒకరికి నోరు పోయింది, ఇప్పుడు రెండోవారికి బుర్ర పోతోందా అని రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. ఎవరితోనూ అనలేదు. నా నోటికి అది ఎంత కష్టమో మీకు తెలియదు.

జూన్ పోటీకి చదవడానికి నన్ను కూర్చోబెట్టాడు. అక్కకి ధారగా చదవడం ఇంకా రాదు, అందుకని ఆమెని తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఊనె గడియారం నొక్కాడు. డిర్క్ ఎనిమిది అని నేను మొదలుపెట్టాను. నాలుగో జంటకే బావ తప్పు నొక్కాడు. "కాదు," అంది అక్క, దిద్దింది. పదో జంటకి మళ్లీ. ఇరవై దాటేసరికి ఏడు తప్పులు. హాల్లో అందరూ ఎవరి పలక వాళ్లు చూసుకోవడం మొదలుపెట్టారు. ఊనె వచ్చి భుజం మీద చెయ్యి వేసి, ఈసారి పోటీ మనం లెక్కలోకి తీసుకోవద్దులే సీబ్రెన్ అన్నాడు. పాపం మంచికే అన్నాడు. కానీ ఆ జాలి చూసి నాకు ఒళ్లు మండింది, ఇన్నాళ్ల భయం ఒక్కసారిగా పైకొచ్చింది.

"చాల్లే బావా, లే. నీకూ అయిపోయింది. నలుగురిలో పరువు తీసుకోవడం దేనికి?"

అనకూడని మాట అని అంటుండగానే తెలిసింది. బావ నావైపు చూడలేదు. మీటల మీద వేళ్లు అలాగే ఉంచి తల వంచుకున్నాడు. ఒక్క మాట చెబితే ఆయన పరువు నిలిచేది. చెప్పలేదు.

"కాదు," అంది అక్క. మళ్లీ మెడ నరాలు ఉబ్బాయి. అందరూ చూస్తుండగా ఒక్కో మాటా వెతుక్కుని తెచ్చింది. "ఈయన... తప్పు... చెయ్యడు. నా... కోసం."

ఆ తప్పులన్నీ అక్క దిద్దాలని బావ కావాలని చేసినవేనని నాకు అర్థమవడానికి కొంచెం టైము పట్టింది. ఊనెకి నాకంటే ముందే అర్థమైందనుకుంటా, గడియారం జేబులో పెట్టేసుకున్నాడు. బావ తలెత్తి అక్క మొహంలోకి చూశాడు. దొంగతనం బయటపడ్డవాడిలా ఉన్నాడు.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"రెండో... రోజు."

బావ నా చేతిలోంచి నోట్‌బుక్కు తీసుకుని అక్క ముందు పెట్టాడు. నేను లేచి నా కుర్చీని పక్కకి జరిపి గోడ పక్కన నిలబడ్డాను. అక్క మొదటి వరస మీద వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. ఒక్కో జంటకీ ఆగేది, పేరు వెతుక్కునేది, దొరికాక చెప్పేది. బావ నొక్కేవాడు. రెండు వందల ముప్ఫై జంటలకి గంటన్నర పైగా పట్టింది. ఒక్కరూ లేచి వెళ్లలేదు. బావ ఒక్క తప్పు కూడా నొక్కలేదు.