దోనెకి మోటారు

మా మావయ్య ఎడమ చెయ్యి పట్టుకుంటే సైలెంట్‌లో పెట్టిన ఫోన్ మోగుతున్నట్టుండేది. డయాలసిస్ సూదులు గుచ్చడానికని మణికట్టుకి కాస్త పైన ఆపరేషన్ చేసి రెండు నరాలు కలిపారు. అక్కడ వేలు పెడితే లోపల నెత్తురు జుర్రుమని పరిగెత్తడం తెలిసేది. వారానికి రెండుసార్లు పలాసలో రైలెక్కి విశాఖపట్నం వెళ్ళి, ఆ చేతిని మిషన్‌కి అప్పగించి వచ్చేవాడు. ఆ చేత్తో ఎత్తకూడదు, లాగకూడదు, నెట్టకూడదు, ఆ నెత్తురు పరుగు ఆగిపోవచ్చు అని డాక్టర్ చెప్పిన రోజే మా అత్తయ్య దోనె నడిపే గెడని రెండు ముక్కలు నరికి ఆనప పాదుకి పందిరి వేసేసింది.

దాంతో మావయ్యకి బీల దూరమైపోయింది.

కొబ్బరి తోటలకీ సముద్రం ఒడ్డు ఇసక దిబ్బలకీ మధ్య వాననీళ్ళు నిలిచే పల్లాన్ని ఆ పక్క బీల అంటారు. కనుచూపు మేర తుంగ, కలువ, నాచు. నీళ్ళు కొన్నిచోట్ల మోకాళ్ళ లోతు, కొన్నిచోట్ల మనిషి లోతు. రెండు తాటిమొద్దులు తొలిచి జతకట్టిన దోనెలో ఒక్కడే వెళ్ళి, వెదురు కర్రతో గాలం వేసుకుని సాయంత్రం దాకా కూర్చోవడం ఆయనకి చిన్నప్పటి అలవాటు. జీడి, కొబ్బరి తోటలున్న రైతు. చేపలమ్ముకునే అవసరం లేదు. జబ్బు చేశాక తినేది కూడా రెండు ముక్కలే. ఆయనకి కావలసింది ఆ కూర్చోవడం. అది పోయాక ఇంటి అరుగు మీద కూర్చునేవాడు కానీ, అది కూర్చోవడంలా ఉండేది కాదు. పది నిమిషాలకోసారి లేచి వీధిలోకి వెళ్ళి వచ్చేవాడు.

నాదీ అదే పరిస్థితి. కంపెనీలు ఆఫర్ లెటరిచ్చి, చేరే తేదీ మాత్రం తర్వాత చెప్తామన్న ఏడాది అది. ఇంజనీరింగ్ అయిపోయి విశాఖలో ఇంట్లో కూర్చుని నాన్నతో రోజూ గొడవ. అమ్మ భరించలేక నన్ను వాళ్ళన్నయ్య ఊరికి తోలేసింది. మావయ్యని రైల్లో తీసుకెళ్ళి తీసుకురావడానికి మనిషి కావాలన్నది పైకి చెప్పిన కారణం. పలాసకీ బారువకీ మధ్య ఊరు. సిగ్నల్ ఇసక దిబ్బ మీదే వచ్చేది. రోజుకి పదిసార్లు దిబ్బెక్కి, ఫోన్ పైకెత్తి, హైదరాబాద్ నుంచి ఏమీ రాలేదని చూసుకుని దిగేవాణ్ణి.

“అల్లుడూ, నీ ఫోన్లో అన్నీ ఉంటాయంతావు గదా,” అన్నాడు మావయ్య ఒకరోజు. “దోనెకి మోటారుంటాదేటి సూడు.”

“ఇంజనా?”

“ఏటైతే నాకేటి. గెడ ఎయ్యకుండా పోవాల.”

నా ఫోన్లో నెట్ పేజీ తెరుచుకునేసరికి చార్జింగ్ అయిపోయేది. పలాస వెళ్ళి నెట్ సెంటర్లో కూర్చున్నాను. చెరువుల్లో గాలం వేసేవాళ్ళ కోసమే విదేశాల్లో చిన్న బ్యాటరీ మోటార్లు తయారుచేస్తారట. ట్రోలింగ్ మోటార్లంటారు. చప్పుడుండదు, చేపలు బెదరవు, కాలితో తొక్కి మళ్ళించొచ్చు. ధర రూపాయల్లోకి మార్చుకుని చూశాక, ప్రింట్ తీసిన కాగితం అక్కడే చించేశాను.

అత్తయ్య దగ్గరికెళ్తే వంటింటి గుమ్మంలో నిలబెట్టి షరతులు చెప్పింది.

“తాడు లాగి స్టార్ట్ సేసేది వొద్దు. నెట్టేది వొద్దు. ఒక సేత్తో అయిపోవాల. అలగైతే ఎల్లనిత్తాను, నేకపోతే నేదు. డబ్బులు ఒక్కపాలే ఇత్తాను నాయనా, మల్లీ అడగొద్దు.”

ముందు భావనపాడు వెళ్ళాను, టెక్కలి మీదుగా బస్సులో. సముద్రం బోట్లకి పెట్టే పాత ఇంజన్ ఏదైనా చవగ్గా దొరుకుతుందేమోనని. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒకాయన్ని అడిగాను.

“బోటెంతుంటాది బాబూ?”

“బోటు కాదు, తాటి దోనె. బీలలోకి.”

ఆయన వల కింద పెట్టేశాడు. “ఓలమ్మ! ఒరే, ఇలగ రండ్రా! ఈ బాబు సూడండి, కప్పల్ని తరమడానికి ఇంజను కొంతన్నాడు!”

నలుగురు వచ్చారు. నాకు చెవులు కాలాయి. ఎంతో చెప్పండి, అమ్ముతారా అమ్మరా అని గట్టిగా అరిచాను. ఆయనేమీ అనుకోకుండా ఇంజన్ తాడు నా చేతికిచ్చి, “లాగు సూద్దాం,” అన్నాడు. నాలుగుసార్లు లాగాను. ఐదోసారి అది ఎదురు తన్నింది, భుజం ఊడిపోయినంత పనైంది. వాళ్ళు నవ్వలేదు. అది ఇంకా అవమానంగా ఉంది.

“ఎవులికి బాబూ?” అన్నాడు. చెప్పాను. కిడ్నీలు అనే మాట వినగానే, ఊరూరా ఆ జబ్బే ఉన్న ఆ పక్క ఎవరూ ఇంకేమీ అడగరు. “ఇది ఉప్పునీటి పని. కిరసనాయిలు తేలితే ఆ నీల్లు గేదెలు ముట్టవు, ఊరోల్లు నిన్ను తంతారు,” అని, ఇనప సామాన్ల గుట్టలోంచి, నీళ్ళలో తిరిగి బోటుని తోసే ఒక చిన్న ఇత్తడి రెక్క తీసిచ్చాడు. “ఇది అట్టుకెల్లు. కరెంటోడినెవుడినైనా అడుగు.”

రెక్క సంచిలో ఉంది, మోటారు లేదు. ఈలోగా నేనొక తెలివితక్కువ పని చేశాను. విశాఖలో మావయ్య నాలుగు గంటలు మిషన్ దగ్గరుంటే, ఆ నాలుగు గంటలూ ఆస్పత్రి వరండాలో కూర్చోలేక బజారుకి పోయేవాణ్ణి. ఒక షాపులో మడత రాడ్డు, మెరిసే రీలు, ప్లాస్టిక్ చేప బొమ్మలు కనపడ్డాయి. అత్తయ్య ఇచ్చిన దాంట్లో మూడో వంతు అక్కడ పెట్టేసి, తిరుగు రైల్లో గొప్పగా తీసి చూపించాను.

“ఇదేటి, టీవీ యాంటెన్నా?”

“రీలు మావయ్యా. చేప పడితే ఇలా తిప్పాలి.”

రాడ్డు కుడిచేత్తో పట్టుకుని, ఎడమచెయ్యి వైపు చూసుకుని, నా వైపు చూశాడు. “మరి తిప్పీది ఎవులు? నువ్వు నా ఒల్లో కూకుంటావేటి?”

ఎదుటి సీట్లో వాళ్ళు నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. “అయితే ఆ వెదురు కర్రే పట్టుకుని ఏడు!” అన్నాను, పెట్టె మొత్తం వినేలాగ. డయాలసిస్ అయిన రోజు ఆయన మొహం పిండేసిన గుడ్డలా ఉండేది. ఆ మొహంతోనే నవ్వాడు.

“కోపమెందుకురా? కొర్రమీను నీ రంగు బొమ్మని సూసి పడుద్దేటి? కప్ప పిల్ల గుచ్చితే అదే వత్తాది. జెల్ల సేపకైతే మట్టిలో తవ్విన ఎర్ర సాలు.”

షాపువాడు సామాను వెనక్కి తీసుకోలేదు. పలాసలో నైలాన్ దారం, మూడు సైజుల గాలపు ముళ్ళు కొన్నాం. ముల్లు వేలి మీద ఆనించి, గోరు మీద జారితే మొద్దు, కరుచుకుంటే మంచిదని ఆయన ఒక్కోటీ ఏరుతుంటే నేను బయట నిలబడి ఫోన్ చూసుకున్నాను. వెదురు కర్ర తోటలోదే. నీళ్ళ మీద తేలే బెండుకి బీలలో పెరిగే జీలుగు కాడ. మొత్తం కలిపి నా రీలు వచ్చిన డబ్బా ఖరీదు కూడా కాలేదు.

మోటారు కూడా పలాసలోనే దొరికింది. జీడిపప్పు ఫ్యాక్టరీల మోటార్లు కాలిపోతే రాగితీగ చుట్టిచ్చే షాపు. నా వయసువాడే, నోట్లో తీగ ముక్క పెట్టుకుని తలెత్తకుండా పలకరించాడు.

“ఏటి కావాల బావా?”

“నేను నీకు బావనెప్పుడయ్యాను?”

“పోనీ మావా?”

గొడవేసుకుని వెళ్ళిపోయేవాణ్ణే, కానీ వేరే షాపు లేదు. పాడైన కారులో రేడియేటర్ దగ్గర తిరిగే ఫ్యాను మోటారు తెచ్చి, అది ట్రాక్టర్ బ్యాటరీతో తిరుగుతుందని చూపించాడు. దాన్ని ఒక ఇనప గొట్టానికి పైన బిగించాడు. గొట్టంలోంచి కడ్డీ కిందికి దిగుతుంది, కడ్డీ చివర నా ఇత్తడి రెక్క. నాచు చుట్టుకోకుండా రెక్క అంచులు అరగదీశాడు. ఒక స్విచ్చి, ఒక చిన్న పిడి. ఒక చేత్తో అయిపోతుంది. పాత బ్యాటరీ కూడా వాడే చూసిపెట్టాడు. నీళ్ళు ఎక్కకుండా అతుకుల దగ్గరా, మోటారు నిలబెట్టడానికి దోనెకి కొట్టే చెక్కకీ రాయమని సీసాలో జీడి నూనె పోసిచ్చాడు. జీడి పిక్కల పెంకుల నుంచి తీసే నల్ల నూనె, పడవలకి రాసేదే.

ఆ సీసా ఇస్తూ ఇంకేదో కూడా చెప్పాడు. నేను ఫోన్లో మెసేజ్ చూస్తున్నాను.

చెప్పింది ఏమిటంటే, గుడ్డతో రాయమని. నేను వేళ్ళతో రాశాను. మర్నాటికి రెండు బొటనవేళ్ళూ, చూపుడువేళ్ళూ ఉబ్బి బొబ్బలెక్కి చర్మం ఊడొచ్చింది. పది రోజులు ఫోన్ మీద ఒక్క బటన్ నొక్కలేకపోయాను. హైదరాబాద్ నుంచి ఫోనొస్తే ఎలా ఎత్తాలా అని పెన్ను మూత పళ్ళతో పట్టుకుని పచ్చ బటన్ నొక్కడం సాధన చేశాను. అత్తయ్య కొబ్బరినూనె రాస్తూ నవ్వాపుకోలేకపోయింది.

“ఇక్కడ పాలు తాగే గుంట కూడా ముట్టదు నాయనా జీడి రసం. ఇంజనీరంట!”

బొబ్బలు మానకముందే మోటారు బిగించాం. నేను ముందు కూర్చున్నాను, మావయ్య వెనక. స్విచ్చి వేశాడు. గెడ తగలకుండా దోనె తనంతట తనే కలువల మధ్యకి జారింది. ఒడ్డున అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మావయ్య కుడిచేత్తో పిడి ఎటు తిప్పితే ఎటు పోతుందో, ఒకచోటే గుండ్రంగా ఐదారు సార్లు తిప్పి చూసుకున్నాడు. ఆ రోజు మూడు జెల్లలు పడ్డాయి. తర్వాత వారంలో ఒక కొర్రమీను. ఇంటి అరుగు మీద ఆయన కనపడటం మానేశాడు.

నేను వోల్టులు చూశాను, రెక్క చూశాను, ధర చూశాను. బ్యాటరీ బరువు చూడలేదు. చూడలేదనడం అబద్ధం. పలాసలో ఆటో ఎక్కించేటప్పుడే నా నడుం పట్టేసింది. నేనున్నానుగా, మోస్తానుగా అనుకున్నాను. ఇంటి నుంచి బీల దాకా అర కిలోమీటరు ఇసకలో పాతిక కిలోల పైన బరువు. వెళ్ళేటప్పుడు మోసుకెళ్ళాలి, వచ్చాక మోసుకొచ్చి చార్జింగ్ పెట్టాలి. కరెంటు పోతే అదీ లేదు. ఇదివరకు ఆయన ఒక్కడే వెళ్ళేవాడు. ఇప్పుడు నేను లేకపోతే కదల్లేడు. గెడ పోయి నేనొచ్చాను.

నెల తిరిగేసరికి నాకు విసుగొచ్చేసింది. దిబ్బ మీద కాస్త సిగ్నల్ దొరికి ఎవరితోనైనా మాట్లాడుతుంటే కింద నుంచి “అల్లుడోయ్!” అని కేక. ఒకరోజు వినపడనట్టు ఊరుకున్నాను. కేక మళ్ళీ రాలేదు. అరగంటకి దిగి చూస్తే, ఇసకలో బ్యాటరీ ఈడ్చిన గాడి ఉంది. గోనెసంచిలో పెట్టి, రెండు చేతులతో లాక్కుంటూ సగం దూరం వెళ్ళి కూలబడిపోయాడు. అత్తయ్య అప్పటికే పక్కన గొంతుక్కూర్చుని ఆయన మణికట్టు తన చెవికి ఆనించుకుని ఉంది. నేను ఏదో అనబోతే చెయ్యెత్తింది.

కాసేపటికి, “కొట్టుకుంతంది,” అంది. అప్పుడు లేచింది. ముందు ఆయన్ని తిట్టింది. తర్వాత నా వైపు తిరిగింది. “నీకు పిలుపినపడనేదేటి? ఆ డబ్బా సెవికి పెట్టుకుని సెవిటోడివైపోనావా?”

నేనూ అరిచాను. జీతం లేని కూలీని కాదన్నాను. అన్నాక ఆ మాట ఎటు పోయిందో చూడకుండా బ్యాటరీ ఎత్తుకుని ఇంటికి నడిచాను.

ఆ మరుసటి వారమే హైదరాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. సోమవారం చేరాలి. దిబ్బ మీద నుంచి గెంతుకుంటూ దిగాను. ఇంటికొచ్చి చెప్తే మావయ్య నా వీపు తట్టాడు. “మంచిది. బేగి ఎల్లు,” అని, అరుగు మీద కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చున్నాడు. రోజుకింతని ఇచ్చి బ్యాటరీ మోయడానికి మనిషిని పెడదామన్నాను. ఎవరి డబ్బుతో అని అత్తయ్య అడగలేదు, నేనూ చెప్పలేదు.

బయల్దేరే రోజు పొద్దున్న సంచి సర్దుకుని చూస్తే ఇద్దరూ ఇంట్లో లేరు. బీల దగ్గరికెళ్ళాను. మోటారు ఒడ్డున ఇసకలో పడుంది, ఎవరో జాగ్రత్తగా మేకులూడదీసి పెట్టారు. నీళ్ళలో దోనె. ముందు మావయ్య, ఒళ్ళో వెదురు కర్ర. వెనక చీర ఎగదోపుకుని నిలబడి అత్తయ్య. చేతిలో పక్కింటి వాళ్ళ గెడ. ఆవిడ జన్మలో దోనె ఎక్కలేదు.

“ఎడమేపు! ఎడమేపు నెట్టవే!”

“ఏది ఎడమేపు? నా తట్టు తిరిగి కూకుని నీ ఎడం సెప్తే నాకేటి తెలుస్తాది?”

“నీ గొంతుకి సేపలన్నీ సోంపేట ఎల్లిపోతాయి. నెమ్మదిగా!”

“పోనీ, దిగిపోమంతావా?”

దోనె గుండ్రంగా తిరిగి తుంగలోకి దూరింది. గట్టు మీద గేదెల కాపరి ఒకడు, “ఆడోల్లు గెడేత్తన్నారేటి మావా!” అని కేకేశాడు. అత్తయ్య వాడికి ఏదో జవాబిచ్చింది, నాకు వినపడలేదు కానీ వాడు మళ్ళీ నోరెత్తలేదు.

నాకు కోపమొచ్చింది. నిజంగానే వచ్చింది. రెండు నెలలు తిరిగాను, భుజం విరగ్గొట్టుకున్నాను, చేతులు కాల్చుకున్నాను. “మోటారు పెట్టుకోవచ్చు కదా!” అని ఒడ్డు నుంచి అరిచాను.

“పాతిక కిలోలు మొయ్యడం కంటే ఇదే తేలిక నాయనా!” అంది అత్తయ్య, వెనక్కి చూడకుండా.

నాకు పది గంటలకి రైలు. రమ్మని చెయ్యూపాను. అత్తయ్య గెడ తుంగ వేళ్ళలో దిగబడిపోయి పెరుక్కుంటోంది. మావయ్య కర్ర ఎత్తి, గాలం విసిరి, బెండు కదలకుండా చూడమని ఆవిడ మీద కేకలేస్తున్నాడు. నా వైపు ఇద్దరిలో ఒక్కరూ చూడలేదు. ఆటో హారన్ రెండోసారి మోగాక సంచి భుజాన వేసుకుని, చెప్పకుండానే, రోడ్డెక్కాను.