గుమ్మంలో అందుకున్న తాంబూలం

నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. అందుకే ఏ కాగితాన్నీ నమ్మను, కూడబలుక్కుంటూ అయినా ఆఖరిదాకా చదువుతాను. తిరునాళ్లకు నాటకాలు కుదిర్చే నరసరావుపేట కాంట్రాక్టరు ఈ ఏడు కొత్తగా అగ్రిమెంటు తెచ్చాడు. అడుగున సన్నక్షరాల్లో ఒక లైను: ఆటను వీడియో తీసి ఎన్నాళ్లయినా, ఎక్కడైనా చూపించుకునే హక్కు అతనిదే. ఒకసారి ఆడించి ఏళ్ల తరబడి దాన్నే చూపించుకుంటే మళ్లీ మమ్మల్ని పిలిచేదెవరు?

ఆ లైను కొట్టేసేదాకా ఎవరూ తాంబూలం పుచ్చుకోకూడదని నేను హార్మోనియం వాయించే నాటక సమాజంలో తొమ్మిదిమందిమీ అనుకున్నాం. మా పనిలో సంతకం కంటే తాంబూలం గట్టిది. కాంట్రాక్టరు చేతి ఆకూవక్కా అందుకుంటే ఆటకు ఒప్పుకున్నట్టే. జ్వరమొచ్చినా వెళ్లి తీరాలి.

అప్పటినుంచి నాకు ప్రతి నోరూ అనుమానమే. ఎవరి పెదవులు ఎర్రగా కనిపించినా ఎవరిచ్చిన ఆకని అడిగేవాణ్ణి. స్త్రీ పాత్రలు వేసే నకరికల్లు అమ్మాయి మీద మరీ అనుమానం. రెండుసార్లు ఫోన్ కలవకపోతే బస్సెక్కి ఇంటికే పోయాను. ఆమె వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తోంది.

"చూసుకో బాబాయ్," అని నోరు తెరిచింది. "నాలిక కూడా చాపనా?"

మరుసటి వారం, మాట్లాడుకుందామని కాంట్రాక్టరు నన్ను తన ఇంటికి పిలిచాడు. లైను తీసేది లేదన్నాడు. నేను లేచాను. గుమ్మం దగ్గరికి వాళ్లావిడ పళ్లెంలో ఆకులు, వక్క, రెండు అరటిపళ్లు తెచ్చింది. ఇంటికొచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపరు కదా అనుకున్నాను. పళ్లెంలోవి తీసి అతనే నా చేతిలో పెట్టాడు. పక్కన ఎవరో ఫోన్ ఎత్తి పట్టుకున్నారు, నేను పట్టించుకోలేదు.

సాయంత్రానికి ఆ ఫొటో మావాళ్లందరి ఫోన్లలో ఉంది. హార్మోనియం మాస్టారే పుచ్చుకున్నాడు, ఇంక మీకేంది అని కింద రాత. నేను చెప్పింది ఎవరూ వినలేదు. నకరికల్లు అమ్మాయి మాత్రం ఫోన్ చేసింది.

"అందరి నోళ్లూ వెతికావు. నీ చెయ్యి చూసుకోలేదేంది బాబాయ్?"

పుచ్చుకున్న తాంబూలం తిరిగివ్వడం మాలో లేదు. మర్నాడు ఎనిమిదిమందినీ కాంట్రాక్టరు ఇంటికి రమ్మన్నాను. నా మీద నమ్మకంతో కాదు, ఏం చేస్తానో చూద్దామని వచ్చారు. వాకిట్లో హార్మోనియం దించి అతనితో అన్నాను:

"పుచ్చుకున్నా గనక నేనొస్తా. తెల్లార్లూ ఒక్కణ్ణే వాయిస్తా. పద్యం పాడేవాళ్లు రారు. ఆ వీడియో తీసుకుని ఎన్నాళ్లయినా చూపించుకో."

అతను మిగతావాళ్ల వైపు చూశాడు. ఎవరూ కదల్లేదు. తిరునాళ్లకు నాలుగు రోజులే ఉన్నాయి. లోపలికి పోయి పెన్ను తెచ్చి ఆ లైను కొట్టేసి, పక్కన సంతకం పెట్టాడు. నేను కాగితం మళ్లీ మొదటినుంచి చదివాను. ఆ తర్వాతే మావాళ్లు తాంబూలం అందుకున్నారు.

ఆటలు అయిపోయాయి. ఇప్పటికీ నేను కిళ్లీ వేసుకుంటే ఎవరిచ్చారని ఆ అమ్మాయి అడుగుతుంది. నవ్వుతూనే అడుగుతుంది గానీ, జవాబు చెప్పేదాకా చూపు తిప్పదు.