మూడు బోర్బన్లు, మూడు మిర్చి బజ్జీలు

విస్కీ ఖరీదు పెరిగేకొద్దీ రుచి పెరుగుతుందని మీకు ఎవరు చెప్పారు? మా ఓనరు రంగారావు గారికీ ఎవరో అలాగే చెప్పారు.

నిరుడు, గుంటూరులో మిర్చి సీజన్. అక్కడి ఒక బార్‌లో పద్దెనిమిదేళ్లుగా నేను మేనేజర్ని. కొత్త మెనూలో ఒక్క బోర్బన్‌కే చోటుంది. బోర్బన్ అంటే మొక్కజొన్న ఎక్కువగా వేసి, లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాల్లో నిల్వచేసే అమెరికా విస్కీ. మామూలు జేబుకు అందే మూడు రకాలు తెప్పించాం. వాటిలో ఖరీదైనదే పెట్టమన్నారు ఓనరు. అన్నిటికన్నా చవకదే మేలన్నాను నేను.

"నీ మాట తప్పని తేలితే ఇక సరుకు ఎంపిక నీకు లేదయ్యా" అన్నారాయన.

బ్లైండ్ టేస్టింగ్ పెట్టాను. అంటే పేరు తెలియకుండా రుచి చూడటం. వంటమాస్టర్ లోపల పోసి, గ్లాసులకు నంబర్లు వేసి పంపాడు. ఏది ఏదో నాకూ తెలియదు. తీర్పరి సుబ్బయ్య గారు, మార్కెట్ యార్డులో మిర్చి కొనే వ్యాపారి. గుప్పెడు కాయలు వాసన చూసి సరుకు నాణ్యం చెప్పేస్తారు.

మూడూ తాగి మొహం చిట్లించారు. "ఏముందయ్యా, మూడూ మంటే! గొంతులో నిప్పులు పోసినట్టుంది."

"గుంటూరోడివై మంటకి భయపడతావేంటి సుబ్బయ్యా!" ఓనరు పకపకా నవ్వారు.

అప్పుడు చూశాను, సుబ్బయ్య గారి చేతిలో సగం కొరికిన మిర్చి బజ్జీ.

"ముందే ఇది తిన్నారా అండీ?"

"ఖాళీ కడుపుతో ఎట్టా తాగుతామయ్యా? ఇది మూడోది."

మూడూ ఒకటేనన్న తీర్పు నాకు లాభమే. ఒకటే అయితే చవకదే పెట్టాలిగా! నోరు మూసుకుంటే గెలుపు నాదే. కానీ తప్పు పరీక్షలో వచ్చిన గెలుపు మూఢనమ్మకానికి చుట్టం. ఆ తీర్పు వద్దన్నాను. ఆయనకు పెరుగన్నం పెట్టించి, గంట ఆగి, నంబర్లు మార్పించి, ఘాటు తగ్గేలా గ్లాసుకో చెంచాడు నీళ్లు కలిపి మళ్లీ ఇచ్చాను.

ఈసారి సుబ్బయ్య గారి కళ్లు మెరిశాయి! "ఒకటోది పచ్చి చెక్క నమిలినట్టుంది. మూడోది ఉత్త తీపి నీళ్లు. రెండోది చూడవయ్యా, బెల్లప్పాకం, కాల్చిన మొక్కజొన్న పొత్తు!"

వరస మార్చి మరో రెండుసార్లు ఇచ్చాం. రెండుసార్లూ ఆ విస్కీనే పట్టుకున్నారు. వంటమాస్టర్ చీటీ చదివాడు. గెలిచింది నడిమి ధరది! పచ్చి చెక్క ఓనరుది. తీపి నీళ్లు నావి.

"నీ మాట తప్పని తేలిందిగా" అన్నారు ఓనరు.

"తేలిందండి. మీదీ తప్పే."

ఆయన గెలిచిన సీసాను నా ముందుకు జరిపారు. "బజ్జీ దగ్గరే నోరు మూసుకుని ఉండొచ్చుగా? సర్లే, ఎంపిక నువ్వే చెయ్యి. కానీ ఇట్టాగే చెయ్యి."

ఖరీదుకు మొక్కేవాళ్లను ఏళ్ల తరబడి ఎగతాళి చేశాను. నేను చవకకు మొక్కుతున్నానని ఆ రోజే తెలిసింది. మీరూ బల్లగుద్ది వాదించే మాట ఒకటి ఉంటుంది. ఈ వారమే దాన్ని పరీక్షకు పెట్టండి. ఓడిపోతే, నలుగురి ముందూ ఒప్పుకోండి.