కల్లంలో వినిపించిన టేపు

ఎనభైల మధ్యలో నేను గుంటూరులో ఒక ఆడపిల్లల కాలేజీలో తెలుగు చెబుతూ, ఆడవాళ్ల మాటతీరు మీద పరిశోధన చేస్తుండేదాన్ని. "ఆడవాళ్ల మాటకి వేరే వ్యాకరణం ఏముంటుందమ్మా? ఏదైనా కావ్యం తీసుకోకూడదూ, తొందరగా తేలిపోతుంది" అనేవారు మా గైడు. చెడ్డవారు కాదు. నా మీద నిజంగానే జాలి ఆయనకి. రెండేళ్లు జవాబు చెప్పీ చెప్పీ నాకే ఓపిక పోయింది.

సెలవు దొరికినప్పుడల్లా సత్తెనపల్లి బస్సెక్కి, దారిలో ఒక ఊళ్లో దిగి, టేపురికార్డరు భుజాన వేసుకుని మిరప కల్లాలకు నడిచేదాన్ని. ఎండిన కాయల్లోంచి తాలు కాయలు ఏరుతూ ఆడకూలీలు వరసగా కూర్చునేవారు. నా మొదటి క్యాసెట్లలో మాటలకన్నా నా తుమ్ములే ఎక్కువ. ముక్కుకి కొంగు కట్టుకోమని నేర్పింది వాళ్లలో పెద్దావిడ. యాభై దాటి ఉంటాయి, భర్త పోయాడు, చర్చి వెనక సందులో ఒంటరిగా ఉండేది. అందరికంటే ఎక్కువ మాట్లాడేదీ ఆవిడే.

ఒకరోజు అడిగాను. "ఆవు వచ్చింది అంటాం, అమ్మ వచ్చింది అంటాం. నాన్న మాత్రం వచ్చాడు. ఎందుకంటావు?"

ఆవిడ చెయ్యి ఆపలేదు. "ఒక్కతే వస్తే అది వచ్చిందంటారు. నలుగురం కలిసొస్తే వాళ్లొచ్చారనక చస్తారా?"

నేను ఎం.ఏ.లో వారాల తరబడి చదివిన పాఠం అది.

"నిన్ను మీరు అనేవాళ్లెవరైనా ఉన్నారా?"

"పాస్టరుగారు. అదీ ఆదివారం."

అందరూ నవ్వారు. నేనూ ఆవిడని నువ్వు అంటున్నానని ఇంటికెళ్లి టేపు విన్నాకే నాకు తెలిసింది.

తర్వాత వారం వెళ్తే, తమ గొంతులు తమకి వినిపించమని గోల చేశారు. పెట్టాను. ఎవరి గొంతు వాళ్లు గుర్తుపట్టి ఒకళ్లనొకళ్లు పొడుచుకుంటూ నవ్వుతున్నారు. ఇంతలో టేపులోంచి పెద్దావిడ గొంతు, ఆ కల్లం కామందు గురించి: "వాడికేం, నీడపట్టున నిలబడి అరుస్తాడు. వచ్చి ఒక్క పూట ఏరమను, నడుం ఉంటుందో ఊడుతుందో!"

ఎదురుగా ఆయన్ని అయ్యగారూ అనేవాళ్లే, వెనక వాడు అంటారు. నా పరిశోధనకి ప్రాణం ఆ ముక్క. ఎవరైనా వింటారని ఆపబోతూ తలెత్తితే కామందు నా వెనకే నిలబడి ఉన్నాడు.

"ఎవత్తే అది?" అన్నాడు. అడగాల్సిన పనే లేదు, ఆ గొంతు ఊరంతటికీ తెలుసు.

"తప్పు నాదండీ, చదువు కోసం నేనే ఏదో ఒకటి మాట్లాడమన్నాను..."

"మీరుండండమ్మా, మీకు తెలియదు." ఆవిడ వైపు తిరిగాడు. "లే. మళ్లీ నా కల్లం తొక్కావంటే ఊరుకోను."

ఆవిడ లేచింది. చీర దులుపుకుంది. "అట్టాగే అయ్యగారూ" అని వెళ్లిపోయింది. మిగతావాళ్లెవరూ తల ఎత్తలేదు. వాళ్ల ఇళ్లలోనూ పొయ్యి వెలగాలి.

వెనకాలే పరిగెత్తాను. తన ఇంటి గుమ్మంలో కూర్చుని కాళ్లు కడుక్కుంటోంది. ఏడుపొచ్చి నేను సరిగ్గా మాట్లాడలేకపోయాను.

"నేనన్న మాటే గదమ్మా. నువ్వు లేనిది కల్పించావా?" అంది. చెంబు పక్కన పెట్టి, "ఇప్పుడు ఈ ఊళ్లో ఎవరూ పనికి పిలవరు నన్ను. చీమకుర్తిలో కూతురుంది, క్వారీలో రాళ్ల పనికి పోతుంది. దాని దగ్గరికి పోతా" అంది.

ఆ వయసులో రాళ్లు మోస్తుందా అని అడగడానికి నోరు రాలేదు.

"ఒక్క పని చెయ్యి. ఆ టేపులో నా మాట తుడిచెయ్యి. ఇంకెక్కడా వినపడకూడదు."

ఇంటికొచ్చి, ఆ క్యాసెట్ మీద రేడియోలో ఏదొస్తే అది రికార్డు చేశాను. అరగంట పట్టింది.

రెండేళ్లకి మౌఖిక పరీక్ష జరిగింది. "ఆడకూలీలు యజమాని వెనక మర్యాద తగ్గిస్తారని రాశారు. ఉదాహరణ ఏదమ్మా?" అని అడిగారు పరీక్షకుడిగా వచ్చినాయన.

"లేదండీ."

"అయితే ఆ పేజీ తీసేయండి."

తీసేశాను. డిగ్రీ వచ్చింది. స్టాఫ్‌రూంలో స్వీట్లు పంచారు. మా గైడు సంతోషంగా, "చూశారా, ఇప్పుడైనా ఏదైనా కావ్యం మీద పనిచేయండి" అన్నారు. చేస్తానన్నాను. వాదించే ఓపిక లేదు.

ఆ ఎండాకాలం పేపర్లు దిద్దడానికి ఒంగోలు వెళ్లాను. ఒక మధ్యాహ్నం బస్టాండులో చీమకుర్తి బస్సు కనిపిస్తే ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఆవిడ పనిచేసే క్వారీ ఏదో తెలియదు. తెలిసినా, ఎదురుపడి ఏం చెప్పాలో తేలలేదు. డ్రైవరు వచ్చి బండి స్టార్టు చేశాడు. నేను సంచీ తీసుకుని దిగిపోయాను.