ఆపింది ఎవరు?

ఇబ్రహీంపట్నం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నేను ల్యాబ్ అసిస్టెంట్‌గా చేరిన కొత్త. మర్నాడే ప్రాక్టికల్ పరీక్ష. ప్యాకేజీ మేనేజర్ అనే ప్రోగ్రామ్‌తో సర్వర్‌లోకి సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తుంటే సగంలోనే ఆగిపోతోంది. మళ్లీ మొదలుపెడితే ‘ఇంకో ఇన్‌స్టలేషన్ నడుస్తోంది’ అంటోంది. పాతదేదో ఇరుక్కుపోయిందనుకుని, దాన్ని ఆపేసి నాది నడిపాను. ఐదు నిమిషాలకు నాదీ ఆగింది. మధ్యాహ్నమంతా ఇదే తంతు. ఉద్యోగం పోయినట్టేనని ఏడుపొచ్చింది.

అంతలో పక్క ల్యాబ్ యాదగిరన్న చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు.

“చెల్లె, ఎవడో నా ఇన్‌స్టలేషన్ ఊకె ఆపుతున్నడు. నేను గూడ వానిది ఆపుతనే ఉన్న. దొరికితే మస్తు తంత!”

అప్పుడు తట్టింది. రెండు ల్యాబ్‌లకూ సర్వర్ ఒకటే!

“అన్నా... వాడు నేనే.”

తీరా చూస్తే ఇద్దరం ఎక్కిస్తున్నదీ ఒకటే సాఫ్ట్‌వేర్. ఇప్పుడు ఏదైనా ఆపాలంటే ముందు పక్క గది తలుపు కొడుతున్నాను.