వేరే ఇంట్లో ఒక కాపీ

మా పక్కింటి టీచరు గారు పోయారన్న కబురు మా వీధి వాట్సాప్ గ్రూపులో వచ్చింది. పువ్వుల బొమ్మ, దాని కింద రెండు లైన్లు. నేను నమ్మలేదు. అలా నమ్మకూడదని నేర్పింది ఆవిడే. "మెసేజ్‌ని కాదయ్యా, మనిషిని అడుగు" అనేవారు. జ్వరమని రాజమండ్రిలో చెల్లెలి కూతురి దగ్గరికి వెళ్లి అప్పటికి పదిహేను రోజులైంది. అందుకని ఆవిడ నంబరుకే ఫోన్ చేశాను. అటు ఎత్తగానే, అలవాటు కొద్దీ గొంతు మార్చి, "అమ్మా, బ్యాంకు మేనేజరునండి, మీ కార్డు ఆగిపోయిందండి" అన్నాను. ఆవిడ నవ్వుతారని.

ఎత్తింది ఆ చెల్లెలి కూతురు. "పెద్దమ్మ పొద్దున్నే పోయారండి. కార్డు సంగతి మేం తర్వాత వచ్చి చూసుకుంటాం" అంది.

అది నేనని చెప్పడానికి నోరు రాలేదు. మేనేజరు గొంతుతోనే "అలాగేనమ్మా" అని పెట్టేశాను.

నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాణ్ని. కాకినాడలో మోటార్లకి వైండింగ్ చేసే చిన్న కొట్టు నాది. జనాన్ని ఆటపట్టించడం నాకు రెండో వృత్తి. మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన ఆవిడ మా పక్కింట్లో ఒంటరిగా ఉండేవారు. ఉన్న తోడల్లా ఒక పాత కంప్యూటరు. ఆవిడ దిగిన కొత్తలో లాటరీ తగిలిందని ఫోన్ చేశాను. అంతా ఓపిగ్గా విని, "గొంతు బాగుంది కానీ, వెనకాల మీ కొట్లో మోటారు వినిపిస్తోందయ్యా. ఆదివారం మా ఇంటికి రా. నాకో దొంగ కావాలి" అన్నారు.

వెళ్లాక తెలిసింది. ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోంచేసి, వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు వేసి, వీధిలో వాళ్లకి ఫోన్లూ కంప్యూటర్లూ ఎలా జాగ్రత్తగా వాడాలో చెప్పేవారు. నా ఉద్యోగం పెరట్లో నిలబడి, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి దోచుకోవడం.

దోచుకోవడం ఎంత తేలికో అప్పుడు చూశాను. మా వైపు వాళ్లకి ఎదుటివాడు 'అండి' అన్నాడంటే మధ్యలో ఫోన్ పెట్టేయడం చేతకాదు. భోజనమైందా అని అడగాలి, ఇంట్లో అంతా కులాసానా అని అడగాలి, "ఉంటానండి మరి" అని నాలుగుసార్లు అనాలి. ఈలోగా ఓటీపీ నా చేతిలో ఉండేది. "ఇంటికొచ్చిన మనిషికి మర్యాద చెయ్యండి. ఫోన్లో దొంగకి వీడ్కోలు చెప్పక్కర్లేదు" అని టీచరు గారు మాట మధ్యలో కోసేయడం ప్రాక్టీసు చేయించేవారు. చేపలమ్మే చెల్లెమ్మ ఒకావిడ ఉండేది. ఎంతో కష్టపడి కట్ చేసేది. చేసిన మరుక్షణం నాకే తిరిగి ఫోన్ చేసి, "పెట్టేశానని ఏమీ అనుకోకండి మేనేజరు గారూ" అనేది. మొదటిసారి అలా అన్న రోజు టీచరు గారు కళ్లజోడు తీసి, కొంగుతో కళ్లు తుడుచుకునేంత నవ్వారు.

ఆవిడ అలవాట్లు చిన్నవి. ఎవరైనా పాస్‌వర్డ్ కొడుతుంటే, అడక్కపోయినా, గోడ వైపు తిరిగి నిలబడేవారు. కంప్యూటరు అప్‌డేట్ అడిగితే వాయిదా వెయ్యనిచ్చేవారు కాదు. వానాకాలం వచ్చాక ఇల్లు నేయించుకుంటామా అనేవారు. ఫోటోలకి ఎప్పుడూ ఇంకో కాపీ ఉండాలని, అది కూడా అదే ఇంట్లో పెట్టుకోకూడదని చెప్పేవారు. "తుఫానొస్తే రెండూ ఒకే నీళ్లలో తడుస్తాయి" అనేవారు. దొంగకి ఒక కాపీ ఇవ్వరాండి అని నేను వెటకారం చేసేవాణ్ని. మా ఆవిడ మాత్రం చివరి కుర్చీలో కూర్చుని నోటు పుస్తకంలో రాసుకునేది.

మా ఆవిడ పోయి మూడేళ్లు. ఆవిడ ఫోటోలన్నీ, గొంతున్న వీడియోలు రెండూ మా ఇంటి కంప్యూటర్లో ఉన్నాయి. ఒకదాంట్లో పప్పు మాడబెట్టానని నన్ను తిడుతుంది. రోజూ కొట్టు తెరవడానికి వెళ్లే ముందు ఆ తిట్లు విని వెళ్లేవాణ్ని. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. నవ్వించేవాడు ఏడుస్తాడంటే జనం అది కూడా వేషమే అంటారు.

పోయిన ఏడాది ఒక మధ్యాహ్నం తెర అంతా ఎర్రగా అయిపోయి, కంప్యూటరు కుయ్యోమని అరిచింది. వైరస్ ఉంది, ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి అని వచ్చింది. నాకు నవ్వొచ్చింది. ఇన్నేళ్లు నేను ఆడించాను, ఇప్పుడు టీచరు గారు ఎవరిచేతో నన్ను ఆడిస్తున్నారనుకున్నాను. ఫోన్ చేశాను. అటువైపు కుర్రాడిది మంచి తెలుగు. "భోజనమైందాండి" అని కూడా అడిగాడు. వాడు ఎక్కించమన్న యాప్ ఎక్కించాను, చదవమన్న నంబరు చదివాను. బాణం గుర్తు దానంతట అదే తెర మీద తిరుగుతుంటే చూసి మెచ్చుకున్నాను.

"మీ టీచరు గారికి చెప్పండి, శిష్యుడు బాగా తయారయ్యాడని" అన్నాను.

"తప్పకుండా చెబుతానండి" అన్నాడు వాడు.

కాసేపటికి డబ్బు పంపితేనే ఫైళ్లు తెరుచుకుంటాయని తెర మీద అక్షరాలు వచ్చాయి. గోడ మీంచి తొంగి చూశాను. టీచరు గారు పెరట్లో బట్టలు ఆరేసుకుంటున్నారు. చేతిలో ఫోన్ కూడా లేదు.

"మోసపోతే ముందు వచ్చి చెప్పండి, సిగ్గు తర్వాత పడొచ్చు" అని ఆవిడ ప్రతి ఆదివారం చెప్పేవారు. నేను ముందు సిగ్గుపడ్డాను. రెండు రోజులు కొట్టు తెరవలేదు. మూడో రోజు ఆవిడే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. రెండు రోజులుగా బ్యాంకు మేనేజరు ఫోన్ చెయ్యలేదని, ఒంట్లో బాగోలేదేమోనని వచ్చారట.

తెర చూశారు. ముందు నెట్ వైరు పీకేశారు. నన్ను కూర్చోబెట్టి, తన ఫోన్‌తో బ్యాంకుకి చెప్పించారు, ఫిర్యాదు పెట్టించారు, తన ఇంటికి తీసుకెళ్లి నా పాస్‌వర్డులన్నీ తన కంప్యూటర్లో మార్పించారు. నేను కొడుతున్నంతసేపూ గోడ వైపు తిరిగి నిలబడ్డారు.

"అవన్నీ పోతే పోయాయండి. మా ఆవిడ అందులోనే ఉందండి" అన్నాను.

ఆవిడ లోపలికి వెళ్లి ఒక కవరు తెచ్చారు. పైన మా ఆవిడ చేతిరాత. లోపల పెన్‌డ్రైవ్.

"ఆస్పత్రికి వెళ్లే ముందు తెచ్చిచ్చింది. 'మా ఆయన ఏదో ఒకటి నొక్కేస్తారండి, మీ దగ్గరుంచండి' అంది."

ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నువ్వు ఎప్పుడొచ్చినా నవ్విస్తూనే వచ్చేవాడివి. ఎక్కడ ఆపి చెప్పమంటావు?"

కంప్యూటరు మొత్తం తుడిపించి, శుభ్రం చేయించి, ఫోటోలన్నీ మళ్లీ ఎక్కించారు. కవరు మాత్రం తన బీరువాలోకే వెళ్లింది. దాని చోటు అదేనన్నారు. ఆ తర్వాత నేను ఇంకో దొంగ ఫోన్ చెయ్యడానికి నెల పట్టింది. "హమ్మయ్య, వచ్చావా" అన్నారు.

పోయిన వారం ఆవిడ చెల్లెలి కూతురు ఇల్లు ఖాళీ చేయించడానికి వచ్చింది. "ఇది మీదేనటండి" అని కవరు నా చేతిలో పెట్టింది. మేనేజరు నేనేనని ఆ అమ్మాయికి ఇప్పటికీ చెప్పలేదు. రెండు కాపీలూ నా ఇంట్లోకే వచ్చి చేరాయి. ఆ రాత్రంతా గాలి వీచిన ప్రతిసారీ లేచి కూర్చున్నాను.

మర్నాడు కవరు జేబులో పెట్టుకుని వీధిలో బయల్దేరాను. ఎవరూ తీసుకోలేదు. "ఒకళ్లిచ్చిన పెన్‌డ్రైవ్ ముట్టుకోవద్దని టీచరు గారు చెప్పారు కదండీ" అన్నాడు కిరాణా కొట్టాయన. అందులోనూ ఇస్తున్నది నేను. టైలరు గారు నవ్వి, "నేను పడనండి" అన్నారు. ఆవిడ ఎంత బాగా నేర్పారో, ఆ కొట్టు మెట్లు దిగుతుంటే తెలిసింది.

చేపలమ్మే చెల్లెమ్మ కత్తిపీట ముందు కూర్చుని ఉంది.

"ఇవాళేం వేషమండీ అన్నయ్య గారూ?"

"వేషం కాదమ్మా. మీ వదిన ఫోటోలు. ఒక కాపీ వేరే ఇంట్లో ఉండాలంట."

నా మొహం వైపు చాలాసేపు చూసింది, నవ్వు ఎక్కడ బయటపడుతుందోనని. తర్వాత కత్తిపీట పక్కకి జరిపి లేచింది. కుళాయి దగ్గర సబ్బుతో చేతులు కడుక్కుంది. వాసన చూసుకుని, మళ్లీ కడుక్కుంది. కొంగులో తడవని చోటు వెతికి తుడుచుకుని, అప్పుడు రెండు చేతులూ చాపింది.