మెట్ల కింది లంగరు

లంగరమ్మ తను ఎంచిన లంగరుతోనే మొగుణ్ణి ముంచిందని మా రేవులో అంటారు. అంగడి తనకే మిగలాలని కావాలనే ముంచిందని కొందరు, తెలియక ముంచిందని కాస్త దయగలవాళ్ళు. లంగరు పట్టు వదిలిందన్న దగ్గర మాత్రం ఎవరికీ పేచీ లేదు.

లంగరమ్మ మా పిన్ని, అమ్మకు చెల్లెలు. నాన్న మంచం పట్టాక నా చదువు ఎనిమిదితో ఆగిపోయింది. అప్పటికి బాబాయి పోయి కొన్నాళ్ళయింది. నేను వెళ్ళి పిన్ని అంగడిలో చేరాను. తాళ్ళు కొలిచి కోయడం, గొలుసులకు నూనె రాయడం, ఊడవడం నా పని. మాట్లాడే పని పిన్నిది.

అంగడంటే రేవు గోడకు ఆనుకున్న ఒక పొడవాటి గది. వెనక అటక మీదికి చెక్కమెట్లు. మెట్ల కింద చిరిగిన తెరచాప గుడ్డ కప్పి ఏదో ఉండేది. "అక్కడ ఊడవకు" అంది పిన్ని, నేను చేరిన రోజే. ఎందుకని నేను అడగలేదు.

తెరచాప పడవల్లో నెలల తరబడి తిరిగేవాళ్ళు మా దగ్గరికి లంగరు కోసం వచ్చేవారు. పడవ పొడవు, వేగం చెప్పబోతే పిన్ని చెయ్యి అడ్డం పెట్టేది. "పగలు ఎక్కడికి పోతారో నాకెందుకు బాబూ? రాత్రి ఎక్కడ పడుకుంటారో చెప్పండి."

ఆ తర్వాత సబ్బు అడిగేది. సీసపు గుండుకు అడుగున చిన్న గుంట ఉంటుంది. అందులో మెత్తటి సబ్బు కూరి, పడవ ఆపే చోట తాడుతో దించితే అడుగున ఉన్నది దానికి అంటుకుని పైకొస్తుంది. ఇసుకో, బురదో, గవ్వపెంకులో. ఏమీ అంటకపోతే కింద బండ ఉన్నట్టు. ఆ సబ్బు చూడందే ఆవిడ గోడ మీది లంగరును ముట్టుకోదు. "సబ్బు చూసి కాపురం ఎన్నాళ్ళో కూడా చెప్పేస్తుంది" అని జనం నవ్వేవారు. అన్నాక బాబాయి గుర్తొచ్చి నోరు మూసుకునేవారు.

బాబాయి తన చిన్న తెరచాప పడవలో ఒంటరిగా వెళ్ళి, కొండల మధ్య నీళ్ళలో లంగరు వేసి పడుకున్నాడు. గాలి దిక్కు మారింది. పడవ రాళ్ళకు కొట్టుకుంది. ముందు పలకలు దొరికాయి, తర్వాత బాబాయి దొరికాడు. లంగరు కోసం ఎవరూ వెతకలేదు.

ఆయన తల్లి పిన్ని దగ్గరే ఉంటుంది. పళ్ళెం ముందు పెడితే, "నా కొడుకుని తిన్నావుగా, ఇదీ నువ్వే తిను" అని నెట్టేసేది.

"ఉప్పు తక్కువైందా అత్తయ్యా?" అని పిన్ని గ్లాసులో నీళ్ళు పోసేది.

బాబాయి తమ్ముడు, నేను చిన్నబాబాయి అనే ఆయన, పాత తెరచాప పడవ ఒకటి బాగుచేసుకుని భార్యతో కలిసి దూరప్రయాణం పెట్టుకున్నాడు. మర్నాడే బయలుదేరాలి. రేవులో లంగర్లు అమ్మేది మేమే కాబట్టి ఇద్దరూ మా దగ్గరికి రాక తప్పలేదు.

"ఏమీ అనుకోకక్కా," అంది ఆయన భార్య గుమ్మంలోనే. "మాకు నువ్వేం ఎంచక్కర్లేదు. బావగారికి ఎంచింది చాలు."

"అలాగేనమ్మా. అన్నీ గోడకే వేలాడుతున్నాయి, చూసుకో."

చిన్నబాబాయి తేలికరకం ఒకటి దించాడు. రెండు వెడల్పాటి రేకులు, మడిస్తే పలకలా అయిపోతుంది. ఒంటిచేత్తో ఎత్తి భార్యకు చూపించాడు. "చూశావా, దీన్ని నువ్వు కూడా లాగేయగలవు."

"సబ్బు తెచ్చావా?" అంది పిన్ని.

"ఇప్పుడవన్నీ ఎందుకు వదినా..."

"జేబులోనే ఉంటుంది, తియ్యి. మీ అన్నదమ్ములకి ఆ పని నేర్పిందే నేను."

ఆయన నసుగుతూ, మొదటి రాత్రి ఆగబోయే చోట ముందే గుండు దించి తెచ్చిన సబ్బు పొట్లం విప్పాడు. సబ్బు మీద నల్లటి బురద, నాచు పోగులు, విరిగిన గవ్వలు. పిన్ని దాన్ని వేళ్ళ మధ్య నలిపింది.

"ఇసుకైతే నీ చేతిలోది బంగారమే. ఈ బురద మీద గాలి తిరిగితే పడవా తిరుగుతుంది, లంగరు ఊడుతుంది. ఊడింది మళ్ళీ దిగబడాలి. ఆ రేకుల మధ్య ఒక్క గవ్వ ఇరుక్కుందంటే దిగబడదు. పళ్ళెంలా జారుకుంటూ పోతుంది."

"పట్టుకుంటుందిలే వదినా. బరువైంది పెడితే ముక్కు కిందికి దిగిపోయి పడవ నడవదు."

"అచ్చం మీ అన్న మాటే," అంది పిన్ని.

"పోయినవాళ్ళ మాటలు ఇప్పుడెందుకక్కా?" అంది తోడికోడలు. "నువ్వు త్వరగా తెములు, నేను బయటుంటా" అని మొగుడితో చెప్పి వెళ్ళిపోయింది.

వేళ్ళ మీది బురద రాలిపోయినా పిన్ని బొటనవేలు ఇంకా నలుపుతూనే ఉంది. ఆ లంగరు వేసి ఆ బురద మీదే వాళ్ళిద్దరూ పడుకుంటారు. ఆవిడ నా వైపు తిరిగింది.

"మెట్ల కింద ఉన్నది లాక్కురా."

గుడ్డ తీశాను. నాగలి కర్రులాంటి మొన ఉన్న బరువైన లంగరు, దానికి గొలుసు. గొలుసు కలిపే చోట సీల ఊడకుండా తీగ మెలిపెట్టి ఉంది, పిన్ని మెలిపెట్టే తీరులోనే. దుమ్ము కింద పూత మెరుస్తోంది, ఎక్కడా ఒక్క గీత లేదు. నేను లాగుతుంటే నేల మీద చార పడింది.

చిన్నబాబాయి చేతిలోది కింద పెట్టి తాడు చుట్ట మీద కూలబడ్డాడు.

"దీన్ని ఇంకా ఉంచావా?"

"మీరిద్దరూ పెట్టిన చోటే ఉంది."

"నీకెప్పుడు తెలిసింది వదినా?"

"మీ అన్న బయలుదేరిన పొద్దునే. ఊడుస్తుంటే కనబడింది. పరిగెత్తుకుంటూ రేవు చివరిదాకా వెళ్ళాను. తెరచాప కూడా కనబడలేదు. తిరిగొచ్చి చూస్తే గోడ మీద తేలికది ఒకటి లేదు."

ఆయన ముందుగా అన్న మాట, "అమ్మకి చెప్పకు."

"ఇన్నాళ్ళూ చెప్పానా? ఆవిడకి తిట్టడానికి ఒక మనిషి కావాలి. నన్ను తిట్టినా అన్నం పెడతాను. నిన్ను తిడితే నువ్వు గడప తొక్కవు. ఇక మోసుకెళ్ళు."

భుజాన పెట్టుకుని వెళ్ళాడు. బయట ఆయన భార్య గొంతు గట్టిగా వినబడింది. "ఆ తుక్కెందుకు? నీకూ అంటగట్టిందా?"

"పద," అన్నాడాయన.

మొగుడితో తీరక మరిదికీ పాత లంగరు అంటగట్టిందని సాయంత్రానికల్లా రేవంతా పాకింది. పెద్దావిడ చెవినా పడింది. పళ్ళెం ఈసారి నేల మీదికే పోయింది. నేను నోరు తెరవబోయాను. పిన్ని నా వైపు చూసింది. నేను చీపురు తెచ్చాను.

గాలుల కాలం దాటాక వాళ్ళిద్దరూ క్షేమంగా తిరిగొచ్చారు. పడవ గట్టిది కాబట్టి బతికారని అందరూ అన్నారు. చిన్నబాబాయి కూడా అక్కడే ఉన్నాడు, కాదనలేదు.

బాబాయి పడవ రాళ్ళకు తగిలిన నాడు పిన్ని ఎంచిన లంగరు దాని మీద లేదు. ముక్కు బరువెక్కుతోందని అన్నదమ్ములిద్దరూ దాన్ని దించి, తెచ్చి, మా అంగడి మెట్ల కింద గుడ్డ కప్పి పెట్టారు. చిన్నబాబాయి మోసుకెళ్ళేదాకా అది సముద్రపు నీటిలో ఒక్కసారి కూడా దిగలేదు.